కొత్తగా ఫ్లాష్ కొన్నాను: పెళ్లి హాలు, గృహప్రవేశం, ఎండ, పురుగులు... ఎక్కడ ఎలా వాడాలి?

కొత్త_కన్ను (మారతహళ్ళి), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా దగ్గర క్రాప్ సెన్సర్ కెమెరా, 18–55 కిట్ లెన్సు, 50 ఎఫ్/1.8 ఉన్నాయి. ఈ మధ్య కెమెరా నెత్తిన తగిలించే ఫ్లాష్ ఒకటి కొన్నాను. తల అన్ని వైపులకూ తిరుగుతుంది, టీటీఎల్ (వెలుగు ఎంత కావాలో కెమెరాయే కొలిచి తేల్చే పద్ధతి) ఉంది, పెట్టె మీద గైడ్ నంబర్ 60 అని రాసి ఉంది.

వచ్చే నెల మా పిన్ని కూతురి పెళ్లి, ఇక్కడే బెంగళూరులో. ఫోటోగ్రాఫర్లను వేరే మాట్లాడుకున్నారు గానీ "నువ్వూ తియ్యి, ఇంటివాళ్లు తీసిన ఫోటోలు వేరుగా ఉంటాయి" అని పిన్ని పట్టు పట్టింది. ముహూర్తం తెల్లవారుజామున. హాలు పైకప్పు చాలా ఎత్తు, పైగా నల్ల రంగు. అంతకు ముందే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక గృహప్రవేశం ఉంది. ఇంట్లో పెట్టి చూస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు, వెనక గది నల్లగా వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పెళ్లి తరువాత లాల్‌బాగ్‌లో పురుగులను కూడా తీయాలని ఉంది.

వెలుగునీడ (మల్లేశ్వరం), శనివారం రాత్రి 10:05

ముందు ఆ 60 సంగతి. ఫ్లాష్ పెట్టెల మీద అంతకంటే పెద్ద గొప్పలు ఉండవు. గైడ్ నంబర్ అంటే ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే తీరు) 100 దగ్గర, పూర్తి శక్తిలో, మీటర్లలో దూరాన్ని అపర్చర్ (ఎఫ్/ అని రాసే లెన్సు రంధ్రం కొలత) అంకెతో గుణిస్తే వచ్చేది. 60 అని వేసుకునేది తలను 200 మి.మీ.కి జూమ్ చేసి వెలుగును సన్నగా పంపినప్పుడు. కానన్ 600ఈఎక్స్‌నే చూడండి: 200 దగ్గర 60, 35 మి.మీ. దగ్గర 36. పెళ్లిలో మీకు పనికొచ్చేది ఆ రెండో అంకె. ఐఎస్‌ఓ 400 పెడితే అది 72 అవుతుంది. ఎఫ్/5.6తో భాగించండి, దాదాపు 13 మీటర్లు. ఇది నేరుగా కొడితే. కప్పుకు కొట్టి దింపితే దారి పెరుగుతుంది, కప్పు కొంత మింగుతుంది, మిగిలింది చెదురుతుంది. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పోయాయనుకుంటే ఆ 13 కాస్తా ఆరున్నర.

ఇక ముఖం తెల్లగా, గది నల్లగా రావడం. దీనికి సగం కారణం షట్టరు, అంటే సెన్సరుకు వెలుగు ఎంతసేపు తగలాలో తేల్చే తలుపు. ఫ్లాష్ పూర్తి శక్తిలో వెలిగినా సెకనులో కొన్ని వందల వంతు మాత్రమే ఉంటుంది. అందుకే షట్టరు 1/60 ఉన్నా 1/200 ఉన్నా దానికి పట్టదు. గదిలోని దీపాల వెలుగుకు మాత్రం బాగా పడుతుంది. అపర్చర్, ఐఎస్‌ఓ ఫ్లాష్‌నూ గదినీ రెండింటినీ శాసిస్తాయి. షట్టరు గదిని ఒక్కదాన్నే శాసిస్తుంది. ఇది చేతికి అలవాటైతే మిగతాదంతా సాధనే.

గృహప్రవేశానికి 1/60, ఎఫ్/4, ఐఎస్‌ఓ 800తో మొదలుపెట్టండి. ముందు ఫ్లాష్ ఆపేసి ఒకటి తియ్యండి. గది మామూలు కంటే ఒక స్టాపు చీకటిగా కనిపించాలి. అప్పుడు ఫ్లాష్ వెలిగించండి. అపార్టుమెంట్లలో కప్పు తెల్లగా, తక్కువ ఎత్తులో ఉంటుంది, అంతకంటే మంచి సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే పెట్టె) డబ్బు పెట్టినా దొరకదు. అయితే తలను నిలువుగా పైకి పెట్టకండి. వెలుగు నెత్తిన పడి కళ్ల కింద గుంటలు వస్తాయి. తలను మీ భుజం మీదుగా వెనక గోడ, కప్పు కలిసే మూలకు తిప్పండి.

సగం_స్టాప్ (జయనగర్), శనివారం రాత్రి 10:31

పైన చెప్పిన దానికి రెండు చేర్పులు. ఒకటి, గోడల రంగు చూసుకోండి. కొత్త ఇళ్లలో ఒక గోడకు చిలకాకుపచ్చో నారింజో వేయడం అలవాటైంది. దానికి కొడితే ఇంటిల్లిపాదికీ కామెర్లే. చెక్క ఫాల్స్ సీలింగ్ ఉన్నా అంతే, పసుపు దిగుతుంది. తెల్ల గోడ వెతుక్కోండి, దొరక్కపోతే ఎవరిదైనా తెల్ల చొక్కా కూడా పనిచేస్తుంది. వేళాకోళం కాదు, దగ్గర నుంచి తీసేటప్పుడు నిజంగా పనిచేస్తుంది.

రెండు, మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టరు 1/50 లేదా 1/100 ఉంచితే ఫోటోలో అడ్డపట్టీలు రావు. పెళ్లి వేదిక వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలది వేరే లెక్క. అక్కడికి వెళ్లాక రెండు మూడు వేగాలు మార్చి చూసుకోవాల్సిందే.

పాత_రీలు (బసవనగుడి), ఆదివారం ఉదయం 6:40

బాబూ, టీటీఎల్ కట్టేయండి. రీలు కాలంలో మేము ఫ్లాష్ వెనక అంటించిన పట్టిక చూసి దూరానికి అపర్చర్ పెట్టేవాళ్లం. తెర లేదు, తీసింది చూసుకునే వీలు లేదు. అయినా తలంబ్రాలు తలంబ్రాల్లాగే వచ్చాయి. మాన్యువల్‌లో, అంటే మనమే శక్తిని పెట్టుకునే పద్ధతిలో, పూర్తి శక్తిలో 1/8 వంతు పెడితే ప్రతిసారీ ఆ 1/8 వెలుగే వస్తుంది. టీటీఎల్‌లో వచ్చేది కెమెరా ఆ క్షణాన అనుకున్నది. ఒక ఫోటోలో పెళ్లికూతురు, ఆ పక్క ఫోటోలో దెయ్యం.

వెలుగునీడ, ఆదివారం ఉదయం 8:15

పాత_రీలు గారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. మండపంలో దంపతులు పీటల మీద కూర్చున్నారు, మీరు ఒక చోట నిలబడ్డారు, దూరం మారదు. అక్కడ మాన్యువల్‌కు సాటి లేదు. కానీ ఎదురుకోళ్లలో, అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు, మేనమామలు పెళ్లికూతురిని బుట్టలో మోసుకొచ్చేటప్పుడు దూరం ప్రతి అడుగుకూ మారుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. ఆ పరుగులో చక్రం తిప్పుకుంటూ కూర్చుంటే బుట్ట దాటిపోతుంది.

టీటీఎల్ తడబడే చోట్లు మాత్రం ముందే తెలిసి ఉండాలి. అది ముందు ఒక చిన్న వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలిచి, అసలు వెలుగు ఎంత ఉండాలో తేల్చుకుంటుంది. ఎదుట తెల్ల పంచె, తెల్ల కండువా నిండా ఉంటే "అబ్బో చాలా వెలుగు" అనుకొని తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. నల్ల కోటు రిసెప్షన్‌లో దీనికి తిరగబడుతుంది. కంచి పట్టు జరీ అంచు మెరుపు నేరుగా లెన్సులోకి వస్తే ఇక చెప్పక్కరలేదు. పంచెలకు ఫ్లాష్ కాంపెన్సేషన్ (టీటీఎల్ తేల్చిన వెలుగుకు మనం చేసే హెచ్చుతగ్గు, స్టాపుల్లో) +2/3 నుంచి +1, కోట్లకు −2/3. లేదంటే ముఖం మీద కొలిచి ఫ్లాష్ లాక్ బటన్ నొక్కి, ఆ తరువాత ఫ్రేము సరిచేసుకోండి. ఈ బటన్ ఉందని చాలామందికి తెలియదు.

కొత్త_కన్ను, ఆదివారం ఉదయం 9:02

చాలా స్పష్టంగా ఉంది, వెలుగునీడ గారూ. మరి ఆ నల్ల కప్పు హాలు సంగతి? పక్క గోడలు కూడా దూరమే.

వెలుగునీడ, ఆదివారం ఉదయం 9:48

నల్ల కప్పుకు కొట్టడం అంటే బ్యాటరీ తగలెయ్యడమే. ఫ్లాష్ తల మీద ప్లాస్టిక్ డబ్బా డిఫ్యూజరు పెట్టి నేరుగా కొట్టేవాళ్లు కనిపిస్తారు. ఆ డబ్బా వెలుగును నాలుగు వైపులా చల్లుతుంది. చుట్టూ తెల్ల గోడలుంటే అది తిరిగొచ్చి మెత్తబడుతుంది. లేని చోట ఆ డబ్బా ఎంత ఉందో అంతే మీ వెలుగు పరిమాణం. మెత్తదనం రావాలంటే వెలుగు వచ్చే తలం, తీసే మనిషితో పోలిస్తే పెద్దదిగా ఉండాలి. దానికి దగ్గరి దారి లేదు.

అందుకే ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి దించండి. రేడియో ట్రిగ్గరు (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను కెమెరా నుంచి వెలిగించేది) ఒకటి, ఇంకో ఫ్లాష్ అద్దెకో అప్పుకో తెచ్చుకోండి. మండపానికి రెండు మూలల్లో ఎత్తైన స్టాండ్ల మీద, మనిషి ఎత్తుకు బాగా పైన, కిందికి వంచి పెట్టండి. ఒకటి 1/8, రెండోది 1/16. పెద్దది ముఖాలకు, చిన్నది వెనక నుంచి జుట్టుకు, భుజాలకు అంచు తీర్చడానికి. ఆ వెనక వెలుగులోనే హోమం పొగ కనిపిస్తుంది. ముందు నుంచి కొడితే పొగ బూడిద తెరలా అడ్డం వస్తుంది, వెనక నుంచి కొడితే మెరుస్తుంది. తలంబ్రాల గింజలు గాలిలో ఆగి కనిపించడానికీ ఇదే దారి, ఎందుకంటే 1/16 శక్తి దగ్గర మెరుపు చాలా కురచ.

అసలు ఫోటోగ్రాఫర్లతో ముందు రోజే మాట్లాడుకోండి. వాళ్ల స్టాండ్లకు మీవి అడ్డం రాకూడదు. వాళ్లే ముఖ్యం, మీరు కాదు. వాళ్ల వీడియో లైట్లు వేదికను ఇప్పటికే వెలిగిస్తున్నాయంటే ఒక్కోసారి ఫ్లాష్ ఆపేసి ఐఎస్‌ఓ 1600లో తీయడమే తెలివైన పని.

సగం_స్టాప్, ఆదివారం ఉదయం 10:20

రేడియో ట్రిగ్గరే ఎందుకంటున్నారో కూడా చెప్పాలి. చాలా ఫ్లాష్‌లలో ఎస్1, ఎస్2 అని ఆప్టికల్ పద్ధతులు ఉంటాయి. ఎస్1 ఏ మెరుపు చూసినా వెలుగుతుంది, ఎస్2 టీటీఎల్ ముందు మెరుపును వదిలేసి అసలు మెరుపుకు వెలుగుతుంది. ఇంట్లో హాయిగా పనిచేస్తాయి. పెళ్లిలో మాత్రం అవతలి ఫోటోగ్రాఫరు బటన్ నొక్కిన ప్రతిసారీ మీ ఫ్లాష్ వెలుగుతుంది. మీకు కావలసినప్పుడు అది ఛార్జి అవుతూ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో అయితే చానెల్ మార్చుకుంటే సరి.

రంగు గురించి ఇంకెవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. ఫ్లాష్ వెలుగు పట్టపగటి రంగు, సుమారు 5500 కెల్విన్. పెళ్లి హాలు పసుపు దీపాలు 3000 చుట్టూ. నూనె దీపం 2000 దగ్గర. ఫ్లాష్ మీద ఏమీ పెట్టకుండా తీస్తే ముఖం సరిగ్గా, వెనక హాలంతా నారింజ. హాలు రంగును సరిచేయబోతే మనుషులు నీలం. దీనికి సీటీఓ జెల్ అనే నారింజ కాగితం ఉంటుంది. పూర్తి సీటీఓ ఫ్లాష్‌ను 3200 దగ్గరికి దించుతుంది. నాకైతే సగం సీటీఓ పెట్టి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగును తెలుపుగా చూపాలో చెప్పే అమరిక) 4000 చుట్టూ ఉంచడం నచ్చుతుంది. దీపాలు కొంచెం వెచ్చగా మిగులుతాయి, పెళ్లి పెళ్లిలా ఉంటుంది. జెల్ కొంత వెలుగును తింటుంది, ఆ మేరకు శక్తి పెంచుకోండి.

పాత_రీలు, ఆదివారం మధ్యాహ్నం 1:30

గ్రూపు ఫోటోల సంగతి మరిచారు. పెళ్లిలో ఎక్కువ తిట్లు పడేది అక్కడే. మూడు వరుసల్లో చుట్టాలు. కెమెరా మీద ఫ్లాష్ పెట్టి రెండు మీటర్ల నుంచి కొడితే ముందు వరుస పెద్దమ్మలు తెల్లగా, వెనక వరుస బావలు నల్లగా వస్తారు. వెనక వరుస మూడు మీటర్ల దూరంలో ఉందనుకోండి, వాళ్లకు అందేది ముందు వాళ్లకు అందిన దానిలో సగానికంటే తక్కువ. అదే ఫ్లాష్‌ను ఐదు మీటర్ల వెనక్కి, ఎత్తున పెడితే వెనక వరుస ఆరు మీటర్లు. తేడా అర స్టాపు. కంటికి ఆనదు. శక్తి ఎక్కువ కావాలి, నిజమే. అందుకే ఐఎస్‌ఓ 800 పెట్టండి, సిగ్గుపడకండి.

ఇది మాన్యువల్‌లోనే.

తెర_వెనక (వయ్యాలికావల్), ఆదివారం సాయంత్రం 5:10

నేను ఎక్కువగా నృత్యం తీస్తాను. ఫ్లాష్ ఎక్కడ వాడాలో అందరూ చెబుతున్నారు, ఎక్కడ వాడకూడదో నేను చెబుతాను. అరంగేట్రానికి ఫ్లాష్ తీసుకెళ్లకండి. రవీంద్ర కళాక్షేత్ర, చౌడయ్య మెమోరియల్ హాలు, మా శ్రీకృష్ణదేవరాయ కళామందిరం, ఏదైనా సరే. చీకటిలో ఒంటికాలి మీద నిలబడిన పిల్ల కళ్లలోకి మెరుపు కొడితే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా లైటింగ్ మనిషి ఎంతో కష్టపడి వేసిన రంగులన్నీ ఆ ఒక్క మెరుపుతో తెల్లబడతాయి. పన్నెండో వరుస నుంచి మీ ఫ్లాష్ వేదికను చేరేది కూడా అంతంతమాత్రం. ముందు కూర్చున్నవాళ్ల తలలు మాత్రం బాగా వెలుగుతాయి.

ఇంకొకటి. ఫ్లాష్ వెలగకుండా ఆపినా, చీకట్లో ఫోకస్ కోసం అది ఎర్రటి గీతలు వేస్తుంది. ఆ ఎర్ర గళ్లు నర్తకి ముఖం మీద ఆడుతుంటే ప్రేక్షకులందరికీ కనిపిస్తాయి. మెనూలోకి వెళ్లి దాన్ని కూడా ఆపండి. అసలు ఫ్లాష్‌ను సంచిలో ఉంచడం అన్నిటికంటే మేలు.

రాత్రి_బస్సు (తిగళరపేట), ఆదివారం రాత్రి 8:55

మా పేటలో కరగ ఉత్సవం జరుగుతుంది కాబట్టి కొంత చెప్పగలను. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయలుదేరుతుంది. తల మీద పూల గోపురం, చేత్తో పట్టుకోకుండా నడక, చుట్టూ కత్తులతో వీరకుమారులు. కరగ మోసేవారి ముఖం మీదికి ఫ్లాష్ కొట్టకండి. ఇందులో చర్చకు తావు లేదు. కానీ ఊరేగింపు, జనం, వాద్యాలు, కత్తుల మెరుపు తీయడానికి ఒక పద్ధతి ఉంది: వెనక తెర సింక్.

మామూలుగా షట్టరు తెరుచుకోగానే ఫ్లాష్ వెలుగుతుంది. ఆ తరువాత మనిషి ముందుకు కదిలితే దీపాల చారలు అతని ముందు పడి, వెనక్కి నడుస్తున్నాడేమో అనిపిస్తుంది. వెనక తెర సింక్‌లో షట్టరు మూసుకునే ముందు వెలుగుతుంది. చారలు వెనక ఉండిపోతాయి, మనిషి చారల చివర నిలుస్తాడు. 1/10 సెకను, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 800, ఫ్లాష్ 1/16, మీద సగం సీటీఓ. మాన్యువల్‌లో పెట్టండి, లేకపోతే టీటీఎల్ ముందు మెరుపు మొదట్లోనే వెలిగి, అసలు మెరుపు వచ్చేసరికి మనిషి కళ్లు మూసుకుంటాడు. ఇక్కడ పాత_రీలు గారి పక్షమే నేను.

కె.ఆర్. మార్కెట్ పూల బజారులో తెల్లవారుజామున తీసేవాళ్లకూ ఇదే పనికొస్తుంది. అక్కడ పసుపు బల్బుల కింద బంతిపూల రాశులు. ఫ్లాష్ కొంచెం ఎక్కువైనా ఆ రంగు చచ్చిపోతుంది, 1/64 దగ్గర ఆపండి. అమ్మేవాళ్లను అడిగి తీయండి, బేరాల వేళ ఎవరికీ ఓపిక ఉండదు.

కొత్త_కన్ను, సోమవారం ఉదయం 7:50

ఇంత వస్తుందనుకోలేదు. ఒక సందేహం: పట్టపగలు ఎండలో ఫ్లాష్ ఎందుకు? పెళ్లి అయ్యాక కబ్బన్ పార్కులో జంటను తీయమన్నారు.

సగం_స్టాప్, సోమవారం మధ్యాహ్నం 12:40

మధ్యాహ్నపు ఎండ నెత్తి మీద ఉంటుంది, కళ్లు చీకటి గుంటల్లో ఉంటాయి. ఎండ వాళ్ల వీపు మీద పడేలా తిప్పి, ముఖానికి ఫ్లాష్ ఇవ్వాలి. ఇక్కడ సింక్ వేగం (మామూలుగా ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టరు వేగం) అడ్డుపడుతుంది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. అంతకంటే వేగమైతే షట్టరు పూర్తిగా తెరుచుకునే క్షణమే ఉండదు, ఫోటోలో ఒక నల్ల పట్టీ మిగులుతుంది.

మంచి ఎండలో ఐఎస్‌ఓ 100కు 1/100, ఎఫ్/16. అదే వెలుగు 1/200, ఎఫ్/11. ఎఫ్/11 దగ్గర 36 గైడ్ నంబర్ ఫ్లాష్ పూర్తి శక్తిలో 3.3 మీటర్ల దాకా ఎండతో సమానంగా నిలుస్తుంది. ఫోటో బాగుంటుంది గానీ వెనక చెట్లు, దారి, చెత్తబుట్ట అన్నీ స్పష్టంగా వస్తాయి. వాటిని కరిగించడానికి ఎఫ్/2.8 కావాలంటే షట్టరు 1/3200. అప్పుడు హై స్పీడ్ సింక్ వాడాలి. అందులో ఫ్లాష్ ఒక్కసారిగా కాకుండా షట్టరు సందు సెన్సరు మీదుగా జరిగినంతసేపూ వేగంగా మినుకుతుంది. దాంతో కనీసం రెండు స్టాపుల శక్తి పోతుంది. మనిషికి ఒకటిన్నర మీటరు దగ్గరికి తేవాలి, అదీ వెలుగును మెత్తబరిచే గొడుగు లేకుండా.

రెండో దారి: లెన్సుకు నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుగును తగ్గించే నల్లద్దం) పెట్టి ఎఫ్/2.8, 1/200లో తీయడం. ఫ్లాష్‌కు కావలసిన శక్తి ఎఫ్/11 దగ్గర ఎంతో ఇక్కడా అంతే, హై స్పీడ్ సింక్ నష్టం ఉండదు. ఫోకస్ పట్టడం మాత్రం కొన్ని కెమెరాలకు కష్టమవుతుంది.

కబ్బన్ పార్కులో గానీ లాల్‌బాగ్‌లో గానీ స్టాండు, గొడుగు తెరిస్తే కాపలావాళ్లు వస్తారు. అక్కడ ఇలాంటి షూటింగులకు ఉద్యానవన శాఖ అనుమతి కావాలి. ఫ్లాష్‌ను మీ తమ్ముడి చేతికిచ్చి పట్టుకోమంటే పని తేలిక. అయినా నన్నడిగితే సాయంత్రం ఐదున్నరకు వెళ్లి, ఈ గొడవంతా లేకుండా తీసుకోమంటాను.

తుమ్మెద_వెంట (బన్నేరుఘట్ట రోడ్డు), సోమవారం రాత్రి 9:30

పురుగుల మాట ఎవరూ ఎత్తకపోయేసరికి ఆగలేకపోయాను. మాక్రోలో, అంటే అతి దగ్గరి ఫోటోల్లో, ఫ్లాష్ విలాసం కాదు, అవసరం. కారణం ఇది: ఒకటికి ఒకటి పరిమాణంలో (పురుగు ఎంత ఉందో సెన్సరు మీద అంతే పడేలా) ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా ఉండే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. పైగా ఆ దగ్గరితనంలో ఇంకో రెండు స్టాపుల వెలుగు పోతుంది. పురుగు కదులుతుంది, ఆకు ఊగుతుంది, మీ చెయ్యి వణుకుతుంది. ఎండ వెలుగుతో ఇవన్నీ గెలవడం కల్ల. ఫ్లాష్‌ను 1/32 దగ్గర పెడితే మెరుపు సెకనులో కొన్ని వేల వంతు, 1/128 దగ్గర ఇరవై వేల వంతుకు దగ్గరగా ఉంటుంది. వణుకుకు ఆ మెరుపే మందు.

1/200, ఎఫ్/11, ఐఎస్‌ఓ 200, ఫ్లాష్ 1/32. ఇది మొదలు మాత్రమే.

మిగతాదంతా డిఫ్యూజరులో ఉంది. గంతుసాలీడు కళ్లను చూడండి, ముందు రెండు పెద్ద నల్లటి గోళాలు. వాటిలో మీ ఫ్లాష్ ప్రతిబింబం ఎలా ఉంటే ఫోటో అలా ఉంటుంది. చిన్న గట్టి చుక్క కనిపిస్తే వెలుగు గట్టిదన్నమాట. మెత్తని తెల్లని వంపు కనిపిస్తే గెలిచారు. నేను వాడేది పాలిథిన్ నురుగు షీటు, గాజు సామాను చుట్టి పంపిస్తారే, అదే. వంచి లెన్సు చివర దాకా తెచ్చి రబ్బరు బ్యాండు వేస్తాను. పేడపురుగుల, కుమ్మరిపురుగుల పెంకు అద్దంలాంటిది, వాటికి రెండు పొరలు వెయ్యాలి.

వెనక నల్లగా వస్తోందని చాలామంది అడుగుతారు. మెరుపు వెనక దూరానికి చేరదు, అందుకే. పురుగు వెనక ఒక ఎండుటాకో పచ్చటాకో వచ్చేలా కోణం మార్చుకోండి, ఆకు పురుగుకు దగ్గరగా ఉండాలి. లాల్‌బాగ్‌లో వాన వెలిసిన ఉదయం చెరువు వైపు పొదలు చూడండి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్లున్నారు. అలాంటి ఫోటోను నేను చూడను కూడా చూడను. గూట్లో పిల్లలున్న పక్షి జోలికి కూడా ఫ్లాష్‌తో వెళ్లకండి.

కేకుల_గది (వైట్‌ఫీల్డ్), మంగళవారం ఉదయం 11:15

నేను ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను, ఫోటోలు నేనే తీసుకుంటాను. ఒక్క ఫ్లాష్‌తో గడిచిపోతుంది. బల్ల మీద కేకు, గడియారంలో పదింటి దిక్కున, కొంచెం వెనకగా ఫ్లాష్. దానికీ కేకుకీ మధ్య ట్రేసింగ్ కాగితం అంటించిన పెద్ద చట్రం. ఎదురు వైపు తెల్ల థర్మోకోల్ పలక. ఐఎస్‌ఓ 100, 1/200, ఎఫ్/8 పెడితే వంటింటి ట్యూబులైటు ఫోటోలోకి రానే రాదు, రంగు గొడవ తీరుతుంది. వెనక నుంచి వచ్చే వెలుగులో క్రీము మడతలు తేలతాయి. ముందు నుంచి కొడితే క్రీము చదునైపోతుంది.

మా ఆడపడుచు గిల్టు నగలు అమ్ముతుంది, అవి వేరే తలనొప్పి. నగకు మీరు వెలుగు వేయరు, దానిలో కనిపించే వస్తువులకు వేస్తారు. చుట్టూ తెల్ల కాగితం గుడారం కట్టి, ఆ కాగితాన్ని వెలిగించాలి. మరీ అంతా తెల్లగా ఉంటే బంగారు పూత నీరసంగా కనిపిస్తుంది, ఒక పక్క సన్నటి నల్ల అట్ట ముక్క నిలబెడితే అంచులు తేలతాయి.

కొత్త_కన్ను, మంగళవారం రాత్రి 8:05

అక్కా, ఆ చట్రం దేనితో చేశారు?

కేకుల_గది, మంగళవారం రాత్రి 8:40

పాత ఫోటో ఫ్రేము, అద్దం తీసేసి. ట్రేసింగ్ కాగితం లేకపోతే బేకింగ్‌కు వాడే బటర్ పేపరు. మీ ఇంట్లో ఉండకపోవచ్చు గానీ మా ఇంట్లో చుట్టలు చుట్టలుగా ఉంటుంది.

మూడో_గేరు (కోరమంగళ), బుధవారం ఉదయం 10:00

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. మా నాన్నగారి వివిటార్ 283 ఒకటి అటక మీద దొరికింది. దీన్ని రెండో ఫ్లాష్‌గా కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించవచ్చా?

పాత_రీలు, బుధవారం ఉదయం 10:22

ఆగండి, తగిలించకండి! గట్టి ఫ్లాషే, నా దగ్గరా ఉంది. కానీ పాత 283లలో ట్రిగ్గర్ వోల్టేజి (ఫ్లాష్ అడుగు నుంచి కెమెరాకు తగిలే వోల్టేజి) 200 దాటేవి ఉన్నాయి. రీలు కెమెరాలో రెండు లోహపు ముక్కలు తాకేవి, వాటికి లెక్కలేదు. ఇప్పటి కెమెరాలో అక్కడ ఎలక్ట్రానిక్ సర్క్యూటు ఉంటుంది. ఎస్‌పీ రోడ్డులో చవకగా మల్టీమీటరు దొరుకుతుంది. ఫ్లాష్ పూర్తిగా ఛార్జి అయ్యాక అడుగున మధ్య చుక్కకూ పక్క అంచుకూ మధ్య కొలవండి. కొన్ని కెమెరాలు 6 వోల్టులే భరిస్తాయి, కొన్ని 250 భరిస్తాయి, మీ కెమెరా పుస్తకం చూసుకోండి. అనుమానం ఉంటే కెమెరాకు తగిలించకుండా, ఆ వోల్టేజిని తట్టుకునే ఆప్టికల్ స్లేవ్ (ఇంకో మెరుపు చూసి ఫ్లాష్‌ను వెలిగించేది) మీద పెట్టి దూరంగా వాడండి. ఇక, విప్పి బాగుచేద్దామని మాత్రం చూడకండి. లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా ఉంటుంది, సెల్లులు తీసేశాక కూడా చాలాసేపు నిలిచి ఉంటుంది.

వెలుగునీడ, బుధవారం మధ్యాహ్నం 2:10

సెల్లుల మాట వచ్చింది కాబట్టి కొత్త_కన్నుకు ఒక మాట. మీది నాలుగు ఏఏ సెల్లుల ఫ్లాష్ అయితే ఆల్కలైన్ వద్దు. కొత్తలో బాగానే ఉంటాయి, వంద మెరుపులు దాటేసరికి ఛార్జి కావడానికి పది సెకన్లు తీసుకుంటాయి. రీఛార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు 1.2 వోల్టులే అయినా విద్యుత్తును వేగంగా ఇస్తాయి. నాలుగేసి సెల్లులను ఒక జట్టుగా గుర్తుపెట్టి ఉంచుకోండి, పాతవీ కొత్తవీ కలపకండి. పూర్తి శక్తిలో వరుసగా దంచితే తల వేడెక్కి ఫ్లాష్ తనంతట తానే మొరాయిస్తుంది. సరిగ్గా మూడు ముళ్లప్పుడే మొరాయిస్తుంది. శక్తి 1/4 దాటకుండా ఐఎస్‌ఓతో సర్దుకోండి.

స్టాండ్ల కాళ్లకు ఇసుక సంచులు లేకపోతే రెండు లీటర్ల నీళ్ల సీసాలైనా కట్టండి. పెళ్లిలో పిల్లలు పరుగెత్తుతారు.

కొత్త_కన్ను, రెండో శనివారం రాత్రి 10:45

గృహప్రవేశం అయింది. వెనక మూలకు కొట్టిన వెలుగు అద్భుతంగా పనిచేసింది, పాలు పొంగే ఫోటో అందరూ అడిగి తీసుకున్నారు. పెళ్లికి రెండో ఫ్లాష్, జెల్లులు సిద్ధం. ఒక్క చిక్కు మిగిలింది. మా బాబాయిలందరూ కళ్లద్దాలవాళ్లే. గోడకో కప్పుకో కొట్టి బౌన్స్ చేసిన చోట ఫరవాలేదు గానీ, నేరుగా కొట్టిన గ్రూపు ఫోటోల్లో అద్దాల నిండా తెల్లటి మెరుపే. పెళ్లిలో కప్పు నల్లది కదా, ఏం చేయాలి?

పాత_రీలు, రెండో ఆదివారం ఉదయం 6:30

స్టాండును ఇంకా ఎత్తండి, పక్కకు ఇంకా జరపండి. వెలుగు అద్దానికి ఏ కోణంలో తగులుతుందో అదే కోణంలో అవతలికి పోతుంది, ఆ దారిలో కెమెరా లేకుండా చూసుకుంటే చాలు. అప్పటికీ పోకపోతే కళ్లద్దాల కాళ్లను చెవుల దగ్గర కొంచెం పైకి లేపమనండి, అద్దాలు కిందికి వంగుతాయి, మెరుపు నేలకు పోతుంది. ఫోటోలో ఎవరికీ తెలియదు. బాబాయిలు మాత్రం సణుగుతారు.